మా పాపకు కథలు బాగా వచ్చు, లెక్కలు మాత్రం ఎక్కవు – మెదడులో అసలు ఏం జరుగుతుంది?

శ్రావ్యవాళ్లమ్మ

అందరికీ నమస్కారం. మా పాప మూడో తరగతి. చదవడంలో ఏ ఇబ్బందీ లేదు. కథల పుస్తకం చేతికిస్తే కదలకుండా కూర్చుని పూర్తి చేస్తుంది, చదివింది పూసగుచ్చినట్టు చెబుతుంది. లెక్కల పుస్తకం తీయగానే మొహం వాడిపోతుంది.

8+5 ఎంత అంటే ఇప్పటికీ ఒకటి నుంచి మొదలుపెట్టి వేళ్ల మీద లెక్కపెడుతుంది. "నూట ఐదు రాయమ్మా" అంటే 1005 అని రాస్తుంది. రాత్రి ఏడో ఎక్కం తడుముకోకుండా అప్పజెప్పింది, పొద్దున 7×6 ఎంత అని అడిగితే బిక్కమొహం వేసింది. 52లోంచి 27 తీసేయమంటే ఎప్పుడు అడిగినా 35 అనే అంటుంది.

స్కూల్లో "శ్రద్ధ లేదు, ప్రాక్టీస్ పెంచండి" అన్నారు. పెంచేకొద్దీ ఏడుపు పెరుగుతోంది గానీ లెక్కలు రావట్లేదు. మిగతా అన్నిట్లో చురుగ్గా ఉండే పిల్లకు ఇదొక్కటే ఎందుకు ఎక్కదు? లెక్కల్ని మెదడు వేరే రకంగా నేర్చుకుంటుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

శ్రీధర్_మాట

అమ్మా, మా రోజుల్లో ఇరవయ్యో ఎక్కం దాకా కంఠతా వచ్చేది. రోజూ పొద్దున్నే పైకి చదివించండి, పలక మీద రాయించండి. కొన్నాళ్లకు అదే దారిలో పడుతుంది. మూడో తరగతి పిల్లకు మెదడు గురించి ఆలోచించి బెంగపడకండి.

బడిపంతులమ్మ

శ్రావ్యవాళ్లమ్మ గారూ, నేను ప్రైమరీ పిల్లలకు లెక్కలు చెబుతాను. మీరు చెప్పిన నాలుగు ఇబ్బందులూ నాలుగు వేర్వేరు చోట్ల నుంచి వస్తున్నాయి. అన్నిటికీ కలిపి ప్రాక్టీస్ పెంచితే ఒక్కటీ తగ్గదు.

ముందు 35 సంగతి. పాప 2లోంచి 7 పోదని చూసి, 7లోంచి 2 తీసేసింది. 5 వచ్చింది. పదుల స్థానంలో 5లోంచి 2 పోతే 3. మొత్తం 35. అశ్రద్ధగా చేస్తే ఒకసారి 35, ఒకసారి 24, ఒకసారి 79 వస్తాయి. ఎప్పుడు అడిగినా ఒకే జవాబు వస్తోందంటే పిల్ల ఒక పద్ధతి పెట్టుకుని దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తోందని అర్థం. ఆ పద్ధతి తప్పు, అంతే. అదే రకం లెక్కలు ఇంకో యాభై ఇస్తే ఆ తప్పు పద్ధతే ఇంకా గట్టిపడుతుంది.

52 అంటే 5 పదులు, 2 ఒకట్లు. అవసరమైతే దాన్నే 4 పదులు, 12 ఒకట్లుగా కూడా పెట్టుకోవచ్చు. ఈ సంగతి పిల్ల చేతులకు తెలియాలి. పుల్లలు పదేసి చొప్పున కట్టలు కట్టి, 5 కట్టలు, 2 విడి పుల్లలు ముందు పెట్టండి. 27 తీసి ఇమ్మనండి. విడివి చాలవు, తనే ఒక కట్ట విప్పాలి. విప్పిన వెంటనే, పక్కనే ఉన్న కాగితం మీద 5 కొట్టేసి 4 రాయించండి, 2ను 12 చేయించండి. చేత్తో ఒక పని, కాగితం మీద ఒక గీత, ఆ వెంటనే. పుల్లలు ఈ రోజు, కాగితం రేపు అంటే పిల్ల బుర్రలో ఆ రెండూ కలవవు. బళ్లలో ఎక్కువగా చెడేది ఇక్కడే. పుల్లలతో ఆడించి ఊరుకుంటారు, కాగితం మీది "పక్కింటి నుంచి అప్పు"కూ విప్పిన కట్టకూ ఉన్న సంబంధం ఎవరూ చూపించరు.

ఇక 1005. పాప విన్నది విన్నట్టే రాసింది. నూరు అంటే 100, దాని పక్కన 5. దీనికి స్థాన విలువ కార్డులు చేయండి. ఒక పొడుగు కార్డు మీద 100, దానికంటే పొట్టి కార్డు మీద 20, ఇంకా పొట్టిది 5. కుడి అంచులు కలిపి ఒకదాని మీద ఒకటి పెడితే 5 వెళ్లి 100లోని చివరి సున్నా మీద కూర్చుంటుంది, 105 కనబడుతుంది. ఎత్తితే కింద సున్నా అలాగే ఉంటుంది. మాటల్లో ఎంత చెప్పినా రానిది ఈ కార్డులతో వస్తుంది.

ఇంకొక్క మాట, వేళ్లు మానిపించకండి. "ఎనిమిది మనసులో, ఐదు వేళ్ల మీద" అని మొదలుపెట్టించండి చాలు.

న్యూరాన్_విద్యార్థి

కాగ్నిటివ్ సైన్స్‌లో పరిశోధన చేస్తున్నాను. మెదడు గురించి అడిగారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

సంఖ్యల మీద పసిపిల్లలకు పుట్టుకతోనే కొంత పట్టు ఉంటుంది. 1992లో కేరెన్ విన్ అనే శాస్త్రవేత్త 5 నెలల పిల్లలకు ఒక బొమ్మ చూపించి, తెర అడ్డం పెట్టి, తెర వెనక్కి ఇంకో బొమ్మ పెట్టారు. తెర దించాక రెండు బొమ్మలు ఉంటే పిల్లలు కాసేపే చూశారు. ఒకటే ఉంటే, ఇదేమిటని ఆశ్చర్యపోయినట్టు ఇంకా ఎక్కువసేపు చూస్తూ ఉండిపోయారు. 2000లో మరో ప్రయోగంలో 6 నెలల పిల్లలు 8 చుక్కలకూ 16 చుక్కలకూ తేడా పసిగట్టారు గానీ, 8కీ 12కీ పట్టలేకపోయారు. అంటే పుట్టుకతో వచ్చేది ఉజ్జాయింపు మాత్రమే. రెండు గుంపుల మధ్య నిష్పత్తి పెద్దదైతేనే అది పనికొస్తుంది. దీనికి తోడు మూడు వస్తువుల దాకా, కొందరికి నాలుగు దాకా, లెక్కపెట్టకుండా చూడగానే తెలిసిపోతాయి.

"పదమూడు" అనే మాట, 13 అనే గుర్తు, ఒకట్లు పదులు, ఎక్కాలు, భిన్నాలు ఇవన్నీ మనుషులు కల్పించుకున్నవి. ఇవి మెదడులో ముందే అమర్చి ఉండవు. అమెజాన్ అడవుల్లో ముండురుకు అనే తెగవాళ్ల భాషలో సుమారు ఐదు దాకానే సంఖ్యల పేర్లు ఉన్నాయి. చుక్కల గుంపుల్లో ఏది పెద్దదో వాళ్లు చక్కగా చెబుతారు, కచ్చితమైన తీసివేత అడిగితే తడబడతారు. 2004లో వచ్చిన ఈ పరిశోధన నాకు చాలా ఇష్టం. ఉజ్జాయింపుకూ కచ్చితమైన లెక్కకూ మధ్య ఎంత దూరం ఉందో అందులో కనిపిస్తుంది. ఆ దూరాన్ని ప్రతి పిల్లా కొత్తగా దాటాల్సిందే.

మెదడు పైభాగంలో, కొంచెం వెనకవైపు ఉండేది పెరైటల్ లోబ్. అందులో ఇంట్రా పెరైటల్ సల్కస్ అనే మడత ఉంది. "ఎంత" అనే పరిమాణాన్ని చూసుకోవడంలో ముఖ్య పాత్ర దానిది. ఫ్రెంచి శాస్త్రవేత్త స్టానిస్లాస్ డెహేన్ 1992లో చెప్పిన ప్రకారం ఒకే సంఖ్య మెదడులో మూడు రూపాల్లో ఉంటుంది: పరిమాణంగా, మాటగా, అంకె గుర్తుగా. లెక్కలు నేర్చుకోవడమంటే ఈ మూడింటి మధ్య రాకపోకలు చప్పున జరిగేలా అలవాటు చేయడమే. పాప 1005 అని రాసినప్పుడు మాట నుంచి గుర్తుకు వెళ్లే దారిలో తడబడింది. 100 ఎంతో, 5 ఎంతో ఆమెకు తెలియకపోవడం వల్ల కాదు.

రాత్రి అప్పజెప్పిన ఎక్కం పొద్దున ఎందుకు పోయిందంటే, అది పోలేదు. ఎక్కం వరుసగా చదివేటప్పుడు ముందు లైను తర్వాతి లైనును గుర్తుచేస్తుంది, పద్యం లాగా. 7×6 ఒక్కటే విడిగా అడిగితే ఆ ఊతం ఉండదు. విడిగా గుర్తుకు రావాలంటే విడిగా అడగడం అలవాటు చేయాలి. ఇవాళ ఒకసారి, రేపు ఒకసారి, నాలుగు రోజుల తర్వాత మళ్లీ. ఒకే రాత్రి ఇరవైసార్లు చదివించడం కంటే ఇది బాగా నిలుస్తుంది.

వేళ్ల గురించి బడిపంతులమ్మ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మెదడు శాస్త్రవేత్త వినోద్ మీనన్ బృందం 7–9 ఏళ్ల పిల్లల మెదళ్లను స్కాన్ చేసి, ఏడాది పైచిలుకు ఆగి మళ్లీ చేసింది. 2014లో ఫలితాలు వచ్చాయి. ఆ వ్యవధిలో పిల్లలు లెక్కపెట్టడం తగ్గించి, జవాబును నేరుగా గుర్తుకు తెచ్చుకోవడం పెంచారు. దాంతోపాటు జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ పని పెరిగింది. పెద్దవాళ్లలో మళ్లీ దాని అవసరం తగ్గిపోతుంది, ఆ జ్ఞానం మెదడు పైపొరల్లో స్థిరపడిపోతుంది కాబట్టి. వేళ్ల మీద లెక్కపెట్టి సరైన జవాబు తెచ్చుకున్న ప్రతిసారీ 8, 5, 13 ఒకచోట ముడిపడతాయి. ఆ ముడులు బిగిశాక వేళ్లు వాటంతటవే వదిలిపోతాయి.

శ్రీధర్_మాట

బాగా రాశారు. కానీ ఒక అనుమానం. ఇదంతా విన్నాక ఎక్కాలు కంఠతా పట్టించడం దండగ అంటారా? ఎక్కాలు రాకుండా రేపు భాగహారం ఎలా చేస్తుంది?

బడిపంతులమ్మ

దండగ కాదు శ్రీధర్ గారూ, ఎక్కాలు రావాలి. మనసులో ఒక్కసారి పట్టుకోగలిగేది చాలా కొద్ది. పెద్దవాళ్లకైనా మూడు నాలుగు విషయాలకు మించి నిలవవు. అదొక చిన్న పలక అనుకోండి. భాగహారం చేస్తూ 7×6 కోసం వేళ్లు మడుస్తూ కూర్చుంటే పలక అక్కడికే నిండిపోతుంది, ఏ మెట్టు దగ్గర ఉన్నామో చెరిగిపోతుంది. 42 అని ఠక్కున వస్తే పలక ఖాళీగా ఉంటుంది. మీరన్నది ఆ మేరకు ముమ్మాటికీ నిజం.

నేననేది ఎలా పట్టించాలన్న దాని గురించి. 6×8=48, 6×9=54, 7×8=56. ఈ మూడూ ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. ఇలాంటివి ఒకేసారి నేర్పితే ఒకదాని జవాబు ఇంకోదానికి అంటుకుంటుంది. పిల్లలు 7×8కి 54 అనేది ఇందుకే. కొంతమంది పిల్లలకు ఈ కలగాపులగం మరీ ఎక్కువ. వాళ్లకు ఒక వారంలో రెండు మూడు మాత్రమే, అదీ పోలిక లేనివి ఇవ్వాలి.

రెండోది, గుర్తురానప్పుడు పట్టుకోవడానికి ఒక ఆధారం ఇవ్వాలి. 7×5=35 చాలామందికి వస్తుంది. దానికి ఇంకో 7 కలిపితే 42. 7×6 మర్చిపోయిన పిల్ల బిక్కమొహం వేయకుండా 35 దగ్గర నుంచి బయలుదేరగలగాలి. అలా నాలుగుసార్లు బయలుదేరాక ఐదోసారి నేరుగా 42 వచ్చేస్తుంది. 6×7 కూడా అదేనని తెలిస్తే సగం ఎక్కాల పని తప్పుతుంది. కొట్టి చదివించిన ఎక్కం కన్నా ఇది గట్టిగా ఉంటుందని నేను నమ్ముతాను.

కిరణ్_అక్షరం

ఈ చర్చ చూసి ఆగలేక రాస్తున్నాను. నాకు డిస్కాల్క్యులియా ఉంది, అంటే తెలివి ఉన్నా లెక్కలు మాత్రమే ఎక్కని ఇబ్బంది. ఉద్యోగంలో చేరాక గానీ తెలియలేదు.

నలుగురు ఉన్న గదిలోకి వెళ్తే ఎంతమంది ఉన్నారో చూడగానే చెప్పలేను, ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకోవాలి. ముళ్ల గడియారం చూసి టైం చెప్పాలంటే ఇప్పటికీ ఆగి ఆలోచిస్తాను. ఫోన్ నంబర్ రాసుకునేటప్పుడు 68, 86 తారుమారవుతాయి. అదే నేను నాలుగు వందల పేజీల పుస్తకం చేతికిస్తే అచ్చుతప్పులన్నీ ఏరిపారేస్తాను, అదే నా వృత్తి. బుర్ర లేకపోవడం కాదు ఇది.

చిన్నప్పుడు లెక్కలు రానందుకు పడ్డ బాధ ఒక ఎత్తు. "మిగతావన్నీ వస్తాయి కదా, ఇది కావాలనే చేయట్లేదు" అని ఇంటా బయటా అనుకోవడం ఇంకో ఎత్తు. శ్రావ్యవాళ్లమ్మ గారూ, మీ పాపకు ఏమున్నా లేకపోయినా, "నువ్వు కావాలని చేయట్లేదని నాకు తెలుసు" అని ఒక్క మాట చెప్పండి, ఈ రోజే.

పనికొచ్చినవి రెండు చెబుతాను. లెక్కలన్నీ గళ్ల కాగితం మీద చేయడం, ఒక గడికి ఒక అంకె. ఒకట్లు ఒకట్ల కిందే ఉంటాయి, సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి. రెండోది, చేసే ముందు "సుమారు ఎంత రావచ్చు" అని రాసుకోవడం. ఇది నాకు కష్టం, అయినా మానను.

శ్రావ్యవాళ్లమ్మ

కిరణ్ గారూ, మీరన్న మాట పాపకు చెప్పాను. ఏమీ అనలేదు గానీ వచ్చి పక్కన కూర్చుంది.

కార్డులు చేశాం. 5 కార్డు 100 మీద పెట్టగానే "ఓ, సున్నా కింద దాక్కుందా!" అంది. తర్వాత 347, 260, 408 తనే పేర్చింది. కార్డులు లేకుండా రాయమంటే మూడంకెలు సరిగ్గానే రాస్తోంది గానీ, వెయ్యి దాటితే మళ్లీ తికమక పడుతోంది.

ఇంకో ప్రశ్న. మా పాపది డిస్కాల్క్యులియానా? న్యూరాన్ గారు రాసింది చదివి చుక్కలు గీసి చూపించాను. మూడు చుక్కలైతే చూడగానే చెప్పేసింది. 12, 20 చుక్కల్లో ఏది ఎక్కువో కూడా వెంటనే చెప్పింది. కానీ ఒక గీత గీసి ఈ చివర 0, ఆ చివర 1000 రాసి 150 ఎక్కడుంటుందో చూపించమంటే దాదాపు మధ్యలో పెట్టింది.

న్యూరాన్_విద్యార్థి

మంచి పని చేశారు. అయితే ఇంట్లో చేసిన పరీక్షతో అవునని గానీ కాదని గానీ తేల్చలేం, ఆ మాట ముందే చెప్పాలి.

గీత మీద 150ని నడిమధ్యకు జరపడం ఈ వయసులో చాలామంది పిల్లలు చేసేదే. చిన్న సంఖ్యల మధ్య దూరం ఎక్కువగా, పెద్దవాటి మధ్య తక్కువగా అనిపిస్తుంది వాళ్లకు. వాడుక పెరిగేకొద్దీ దూరాలు సమానమవుతాయి. దీనికి సులువైన సాధనం వరుసగా 1, 2, 3 అని గళ్లు ఉన్న బోర్డు ఆట. రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి అనే పరిశోధకులు 2008లో ఇంకా బడికి వెళ్లని చిన్నపిల్లలతో ఇలాంటి ఆట ఆడించారు. రెండు వారాల్లో నాలుగు విడతలు, విడతకు పావుగంట, అంతే. సంఖ్యల్ని గీత మీద పెట్టడం, పోల్చడం బాగా మెరుగుపడ్డాయి. రంగుల గళ్లతో అదే ఆట ఆడిన పిల్లల్లో ఆ మార్పు రాలేదు. మీ పాపకైతే 100 దాకా గళ్లున్నది తీసుకోండి. కాయ జరిపేటప్పుడు "ఒకటి, రెండు" అనకుండా "ముప్పై ఆరు, ముప్పై ఏడు" అని గడిలో ఉన్న సంఖ్యను పైకి చెప్పించడం ముఖ్యం.

డిస్కాల్క్యులియా విషయానికొస్తే, 1974లో లాడిస్లావ్ కోష్చ్ అనే సైకాలజిస్టు దీన్ని తెలివితేటలతో సంబంధం లేకుండా లెక్కల సామర్థ్యానికే పరిమితమైన ఇబ్బందిగా నిర్వచించారు. వందమంది పిల్లల్లో సుమారు 3 నుంచి 7 మందిలో ఉంటుందని అంచనా. అంటే లెక్కల్లో వెనకబడిన పిల్లలందరికీ ఉండదు. చూపు, వినికిడి సరిగా లేకపోవడం, కీలకమైన పాఠాలప్పుడు బడి మానడం, ఏకాగ్రత సమస్య, పాఠం చెప్పే భాష అర్థం కాకపోవడం, వీటిలో ఏదైనా కావచ్చు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లోనూ ఈ ఇబ్బంది కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది.

తేల్చేది సైకాలజిస్టు. వెళ్లేటప్పుడు "లెక్కలు రావు" అని చెప్పి ఊరుకోకుండా, ఇక్కడ రాసినట్టే పాప వేసిన లెక్కల కాగితాలు పట్టుకెళ్లండి, కొట్టివేతలతో సహా. ఎప్పటి నుంచి ఉంది, ఏం నేర్పారు, నేర్పాక ఏం మారింది అనేవి కూడా రాసుకోండి. సరైన సాయం అందినా నెలల తరబడి కదలిక లేకపోతే ఆలస్యం చేయకండి. మీ పాప కార్డులకు అంత త్వరగా స్పందించడం నాకు మాత్రం చాలా ఆశగా ఉంది.

ఉన్నా భయపడాల్సింది లేదు. 2015లో లెక్కల్లో బాగా వెనకబడిన పిల్లలకు 8 వారాలు ఒక్కొక్కరికీ విడిగా నేర్పి, ముందూ తర్వాతా స్కాన్ చేశారు. తర్వాత వాళ్ల మెదడు పనితీరు తోటిపిల్లలకు దగ్గరగా వచ్చింది.

హరిత

మా వాడి సంగతి వేరు. ఇంట్లో అన్నీ చేస్తాడు. పరీక్ష హాల్లో కూర్చోగానే చేతులు చల్లబడతాయట, వచ్చిన లెక్క కూడా రాదట. అంతా టెన్షనే. వాడికి వయసు 12. దీనికీ మెదడుకూ సంబంధం ఉందా?

న్యూరాన్_విద్యార్థి

ఉంది హరిత గారూ. 7–9 ఏళ్ల పిల్లల మీద 2012లో జరిగిన పరిశోధనలో, లెక్కలంటే భయపడేవాళ్లు లెక్క చేస్తున్నప్పుడు భయానికి సంబంధించిన అమిగ్డాలా ఎక్కువగా పనిచేసింది, లెక్కకు కావాల్సిన చోట్ల పని తగ్గింది. బడిపంతులమ్మ గారు చెప్పిన ఆ చిన్న పలకను "తప్పితే ఎలా" అన్న ఆలోచనే నింపేస్తుంది. లెక్క రాసుకోవడానికి చోటు ఉండదు. మీ వాడికి లెక్క వచ్చు, ఆ సమయానికి చేతికి అందడం లేదు.

ఇంకో సంగతి, తల్లిదండ్రులందరూ తెలుసుకోవాల్సింది. లెక్కలంటే తమకే భయం ఉన్న తల్లిదండ్రులు హోంవర్క్‌లో తరచూ సాయం చేస్తే, ఆ ఏడాది పిల్లలు లెక్కల్లో తక్కువ నేర్చుకున్నారని, వాళ్ల భయం పెరిగిందని 2015లో తేలింది. సాయం మానేయమని కాదు. "నాకూ లెక్కలు రావు నాన్నా" అనే ఓదార్పు మాట మానేయండి, ఆ మాటను పిల్లలు తమ గురించి చెప్పినట్టే తీసుకుంటారు.

కిరణ్_అక్షరం

హరిత గారూ, టైం పెట్టి చేయించే ప్రాక్టీస్ కొన్నాళ్లు ఆపి చూడండి. మొదట గడియారం లేకుండా, తర్వాత కావాల్సిన దానికి రెట్టింపు టైం ఇచ్చి, ఆపై మెల్లగా తగ్గిస్తూ రండి. పరీక్షలో ముందుగా కచ్చితంగా వచ్చిన లెక్క ఒకటి ఎంచుకుని చేయమనండి. చెయ్యి కదలడం మొదలైతే మిగతావి వస్తాయి.

శ్రీధర్_మాట

మొదట నేను రాసిన సలహా ఈ పాపకు సరిపోదని అర్థమైంది. ఇప్పుడు నా మనవడి గురించి అడుగుతాను. ఐదో తరగతి. ఎక్కాలు బాగా వచ్చు, కూడికలు, తీసివేతలు నిమిషాల్లో చేస్తాడు. భిన్నాలు వచ్చేసరికి 1/3 కంటే 1/4 పెద్దది అంటున్నాడు, 1/2 + 1/3 అంటే 2/5 అంటున్నాడు. ఇదేం చోద్యం?

బడిపంతులమ్మ

శ్రీధర్ గారూ, ఎక్కాల్లో చురుగ్గా ఉన్న పిల్లలకే ఇది తరచూ వస్తుంది. ఇన్నేళ్లూ 4 అంటే 3 కంటే పెద్దది అన్నది ఎప్పుడూ తప్పలేదు. అందుకే 1/4 చూసినా 4 కనబడుతోంది. 1/2 + 1/3 లో పైవి కూడాడు, కిందవి కూడాడు, నాలుగు వేర్వేరు సంఖ్యలు ఉన్నట్టు. 1/2 అంటే గీత మీద ఒకే ఒక చోటు అన్నది ఇంకా పట్టుబడలేదు.

హారాలు సమానం చేయడం ఇప్పుడే మొదలుపెట్టకండి. ఒకే పొడవు కాగితం పట్టీలు మూడు కత్తిరించండి. ఒకటి రెండు సమభాగాలుగా, ఒకటి మూడుగా, ఒకటి నాలుగుగా మడిపించండి. మూడు భాగాలుగా మడవడం కష్టమే, తంటాలు పడనివ్వండి. ఎక్కువ ముక్కలైతే ముక్క చిన్నదవుతుందని ఆ మడతలోనే తెలుస్తుంది. తర్వాత 0 నుంచి 1 దాకా గీత గీసి, పట్టీలు ఆనించి 1/4, 1/3, 1/2 ఎక్కడొస్తాయో గుర్తు పెట్టించండి.

అప్పుడు 2/5 ఎక్కడుంటుందో అడగండి. అది సగానికి ఇవతలే పడుతుంది. సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తక్కువ ఎలా వచ్చిందని వాడే అడుగుతాడు. అడిగిన రోజున హారాల సంగతి చెప్పండి.